బొమ్మలు, బ్లాకులు, తినుబండారాలతో లెక్కలు: ఏ వస్తువు, ఎన్ని, ఏ వరుసలో?

#1 మొదటిమెట్టు

అందరికీ నమస్కారం. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు వస్తువులతో లెక్కలు నేర్పడం మీద వివరాలన్నీ ఒకచోట ఉండాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. "ఆడిస్తూ నేర్పండి" అని అందరూ అంటారు. ఎన్ని వస్తువులు పెట్టాలి, ముందు ఏది చేయించాలి, ఎక్కడ బెడిసికొడుతుంది అన్నది మాత్రం ఎవరూ చెప్పరు.

నా ప్రశ్నలు మూడు. ఒకటి, ఇరవై దాకా గడగడా చెప్పే పిల్లలు "ఏడు బ్లాకులు ఇవ్వు" అంటే గుప్పెడు తీసి ఎందుకు ఇచ్చేస్తారు? రెండు, బిస్కెట్లు, చాక్లెట్లతో లెక్కలు చేయిస్తే మేలా, చెడా? మూడు, వస్తువులు చేతిలో ఉంటే 7+5 చేసేవాళ్లు నోటు పుస్తకం తెరవగానే ఎందుకు ఆగిపోతారు?

#2 పూసలపెట్టె

మొదటి ప్రశ్నకు నేను చెబుతాను. అంకెల వరుస అప్పజెప్పడం వేరు, లెక్కపెట్టడం వేరు. గెల్మన్, గాలిస్టెల్ అనే ఇద్దరు పరిశోధకులు 1978లో లెక్కపెట్టడం వెనక ఉండే అయిదు సూత్రాలను విడదీసి చూపించారు. ఒక్కో వస్తువుకు ఒక్కో అంకె. అంకెల వరుస ఎప్పుడూ మారకూడదు. చివర చెప్పిన అంకే మొత్తం. ఏ వస్తువునైనా లెక్కపెట్టొచ్చు. ఎటు నుంచి మొదలుపెట్టినా మొత్తం మారదు. గుప్పెడు తీసి ఇచ్చేవాళ్లకు సాధారణంగా మూడోది ఇంకా పట్టుబడలేదు.

పరీక్షించడం తేలిక. అయిదు బొత్తాలు వరుసగా పెట్టి లెక్కపెట్టమనండి. "అయిదు" అనగానే "అయితే మొత్తం ఎన్ని?" అని అడగండి. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడితే, చివరి అంకె మొత్తాన్ని చెబుతుందన్న సంగతి ఇంకా తెలియలేదన్నమాట. అప్పుడు కూడికల జోలికి పోవద్దు.

వస్తువులు: ఒకే రంగు, ఒకే సైజు బ్లాకులో పెద్ద బొత్తాలో 20 చాలు. మొదట బల్ల మీద 5 మాత్రమే పెట్టండి. వేలితో చూపిస్తూ లెక్కపెట్టమంటే వేలు ఒక వేగంతో, నోరు ఇంకో వేగంతో పోతాయి. ఒకదాన్ని రెండుసార్లు లెక్కపెడతారు, మరొకదాన్ని వదిలేస్తారు. అందుకే చూపించడం కాదు, జరపడం నేర్పాలి. కాగితం మధ్యలో గీత గీసి, ఎడమవైపు ఉన్నవాటిని ఒక్కొక్కటిగా కుడివైపుకు జరుపుతూ లెక్కపెట్టించండి. జరిపింది జరిపినట్టే ఉంటుంది కాబట్టి రెండోసారి లెక్కలోకి రాదు. గుడ్ల అట్టపెట్టె ఉంటే ఇంకా మంచిది. గుంతకొకటి చొప్పున వేస్తూ పోతే ఏ గుంత ఖాళీగా ఉందో పిల్లలకే కనిపిస్తుంది.

అయిదు నిలకడగా వచ్చాక "మూడు ఇవ్వు", "నాలుగు ఇవ్వు" అని అడగండి. ఇది ముందున్నవాటిని లెక్కపెట్టడం కంటే కష్టం. చేతులు కదులుతుండగానే ఎక్కడ ఆగాలో గుర్తుంచుకోవాలి కదా. తప్పు ఇస్తే "కాదు" అనకుండా "గుంతల్లో వేసి చూద్దామా?" అనండి. తప్పును వస్తువే చూపిస్తుంది.

ఇంకొకటి. ఆరు బొత్తాలు దగ్గరగా పేర్చి, పిల్లలు చూస్తుండగానే వాటిని దూరం దూరంగా జరిపి "ఇప్పుడెన్ని?" అని అడిగితే "ఎక్కువయ్యాయి" అంటారు. పిల్లల ఆలోచనను పరిశీలించిన మనస్తత్వవేత్త పియాజే చేసిన ప్రసిద్ధ ప్రయోగం ఇలాంటిదే. దాన్ని దిద్దాలని పాఠం చెప్పకండి. వరుసలు మార్చి మార్చి పేర్చే ఆట రోజూ కాసేపు ఆడితే చాలు.

#3 చిరుతిండిలెక్క

రెండో ప్రశ్న నాకు బాగా ఇష్టమైనది. తినే వస్తువు లెక్కలో సామగ్రిగా ఉంటే మేలు, బహుమతిగా ఉంటే చెడు. ఈ తేడా పట్టుకుంటే సగం గొడవ తీరిపోతుంది.

"అయిదు లెక్కలు చెయ్యి, చాక్లెట్ ఇస్తా" అంటే పిల్లల చూపు చాక్లెట్ మీదే ఉంటుంది. లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు 1973లో ప్రచురించిన ప్రయోగంలో, బొమ్మలు గీయడం ఇష్టమైన చిన్నపిల్లల్లో కొందరికి "గీస్తే బహుమతి" అని ముందే చెప్పి ఇచ్చారు. తర్వాత స్వేచ్ఛగా వదిలేసినప్పుడు బొమ్మల మీద వాళ్లు గడిపిన సమయం తగ్గిపోయింది. బహుమతి సంగతి ముందు చెప్పకుండా ఇచ్చినవాళ్లలో, అసలు ఇవ్వనివాళ్లలో అలా తగ్గలేదు.

సామగ్రిగా వాడేటప్పుడు పద్ధతి ఇది. రెండు పళ్లేలు పెట్టండి. ఒకటి లెక్క పళ్లెం, ఒకటి తినే పళ్లెం. లెక్క పళ్లెంలో 10 కిస్‌మిస్‌లు, అంతకుమించి వద్దు. లెక్క నడుస్తున్నంతసేపూ నోట్లోకి ఏదీ పోకూడదు. ఆట పూర్తయ్యాక జవాబులు తప్పయినా ఒప్పయినా అన్నీ తినొచ్చు. ఈ మాట మొదటే చెప్పి, దాని మీద నిలబడాలి.

"తొమ్మిదిలో నాలుగు తినేయ్, ఎన్ని మిగిలాయి?" అన్నది అందరికీ ముందుగా తోచే తీసివేత. దానితో చిక్కేమిటంటే, తిన్నవి మళ్లీ కనిపించవు. 9−4=5 వచ్చాక 5+4=9 అని వెనక్కి చూపించడానికి నాలుగు ఉండాలి కదా! పైగా అయిదుకు బదులు ఆరు మిగిలాయంటే, ఎక్కడ తప్పిందో వెతకడానికి ఆధారం కడుపులో ఉంది. అందుకే ముందు ఆ నాలుగింటినీ తినే పళ్లెంలోకి జరపాలి. లెక్క పళ్లెంలో ఎన్ని, తినే పళ్లెంలో ఎన్ని, కలిపితే ఎన్ని, ఈ మూడూ చెప్పించి ఆ తర్వాత తిననివ్వాలి.

తినకుండా ఆడాలంటే కప్పు ఆట ఉంది. తొమ్మిది చూపించి, కప్పు కింద కొన్ని దాచి, బయట అయిదు ఉంచి "కప్పు కింద ఎన్ని?" అని అడగండి. కప్పు ఎత్తగానే జవాబు కళ్ల ముందే ఉంటుంది. పిల్లలు దీన్ని మళ్లీ మళ్లీ అడిగి ఆడించుకుంటారు.

జాగ్రత్తలు: నాలుగేళ్ల లోపు పిల్లలకు గట్టి చాక్లెట్లు, గింజపప్పులు, పాప్‌కార్న్, కోయని ద్రాక్షపళ్లు వద్దు, గొంతుకు అడ్డం పడతాయి. వాళ్లకు ఆటవస్తువులు కూడా పెద్దవే ఉండాలి. టాయిలెట్ పేపర్ రోల్ గొట్టంలో దూరిపోయే వస్తువేదైనా ఆ వయసుకు చిన్నదే. బొత్తం బ్యాటరీలు, చిన్న అయస్కాంతాలు, నీళ్లలో ఉబ్బే పూసలు ఏ వయసులోనూ లెక్కల సామగ్రి కావు. ఇతరుల పిల్లలు కూడా ఉంటే పాలు, వేరుశనగ లాంటివి పడతాయో లేదో ముందే కనుక్కోండి.

#4 మొదటిమెట్టు

రెండు పళ్లేల పద్ధతి బాగుందండీ. ఇంకో సందేహం. అయిదు దాకా చూడగానే చెప్పేస్తారు, ఎనిమిదో తొమ్మిదో అయితే మాత్రం ప్రతిసారీ ఒకటి నుంచి మొదలుపెడతారు. దాన్ని ఎలా దాటించాలి?

#5 పదిగళ్లు

లెక్కపెట్టకుండా చూపుతోనే పట్టుకోగలిగేది మనలో ఎవరికైనా మూడు నాలుగు వస్తువుల వరకే. అంతకు మించితే గుంపులుగా చూడటం నేర్చుకోవాలి. దానికి పది గళ్ల అట్టను మించిన సాధనం లేదు. పై వరుసలో 5 గళ్లు, కింద 5, గడి కొలత 4 సెంటీమీటర్లు. అట్ట మీద స్కేలుతో గీసుకుంటే పని అయిపోతుంది. రెండు అట్టలు, రెండు రంగుల్లో పదేసి బిళ్లలు కావాలి.

నియమం ఒక్కటే. పై వరుస ఎడమ నుంచి కుడికి పూర్తిగా నిండాకే కింది వరుస. ఇది వదిలేస్తే అట్టకు అర్థమే లేదు. ఎక్కడ పడితే అక్కడ పెడితే ఎనిమిది ప్రతిసారీ కొత్త ఆకారంలో కనిపిస్తుంది. నియమం పాటిస్తే ఎనిమిది ఎప్పుడూ "పైన అయిదు, కింద మూడు, ఖాళీ రెండు". ఖాళీలు కూడా జవాబులో భాగమే, అందుకే "పదికి ఎన్ని తక్కువ?" అని ప్రతిసారీ అడగండి.

ఇది పట్టుబడ్డాక 8+5. మొదటి అట్టలో 8 ఎర్రబిళ్లలు, రెండో అట్టలో 5 నీలం బిళ్లలు. "మొదటి అట్ట నిండాలంటే ఎన్ని కావాలి?" రెండు. నీలంలోంచి రెండు తెచ్చి నింపుతారు. ఇప్పుడు ఒక నిండు పది, పక్కన మూడు, మొత్తం పదమూడు. బిళ్లలు రెండు రంగుల్లో ఎందుకంటే, జరిపాక కూడా ఎనిమిది ఎక్కడిదో, అయిదు ఎక్కడికి పోయిందో కనిపించాలి. ఒకే రంగయితే పదమూడు మాత్రమే మిగులుతుంది, దారి చెరిగిపోతుంది.

ఒక నిమిషం ఆట: అట్టను రెండు సెకన్లు చూపించి మూసేయండి. "ఎన్ని? ఎలా తెలిసింది?" రెండో ప్రశ్న మానకండి. "పైన నిండింది, కింద ఒక్కటే ఖాళీ" అని చెప్పగలిగితే తొమ్మిది వాళ్ల సొంతమైనట్టే.

#6 రంగుకర్రలు

పదిగళ్లు గారూ, అట్ట మంచిదే కానీ అందులో ప్రతి సంఖ్యా బిళ్లల కుప్పే. లెక్కపెట్టే అలవాటు తేలిగ్గా వదలదు. నా ఓటు క్విజనేర్ కర్రలకు. బెల్జియం ఉపాధ్యాయుడు జార్జ్ క్విజనేర్ తయారుచేసినవి, 1950లలో గణిత విద్యావేత్త కేలెబ్ గట్టేన్యో ప్రపంచమంతా తిప్పారు. 1 సెం.మీ. తెల్ల ముక్క నుంచి 10 సెం.మీ. నారింజ కర్ర దాకా పది కొలతలు. 2 ఎరుపు, 3 లేత ఆకుపచ్చ, 4 ఊదా, 5 పసుపు, 6 ముదురు ఆకుపచ్చ, 7 నలుపు, 8 గోధుమ, 9 నీలం.

వీటి మీద గాట్లు ఉండవు కాబట్టి లెక్కపెట్టడానికి ఏమీ ఉండదు. పొడవులు పోల్చాల్సిందే. నారింజ కర్ర పెట్టి, దాని కింద అంతే పొడవు వచ్చేలా రెండేసి కర్రలు పేర్చమంటే 9+1, 8+2, 7+3 అన్నీ గోడలా లేస్తాయి. పదికి జతలన్నీ ఒక్క కూర్చోవడంలో కనిపిస్తాయి.

మొదటి రెండు మూడు రోజులు అంకెల మాటే ఎత్తకూడదు. ఇళ్లు కట్టనివ్వండి, మెట్లు పేర్చనివ్వండి. "ఎరుపు, లేత ఆకుపచ్చ కలిస్తే దేనంత?" అని రంగులతోనే మాట్లాడండి. తెల్లది ఒకటి అని ముందే బిగించేస్తే తర్వాత భిన్నాలకు ఇవే కర్రలు పనికిరాకుండా పోతాయి. నారింజను ఒకటి అనుకుంటే పసుపు సగం, ఎరుపు అయిదో వంతు. "ఇవాళ ఏది ఒకటి?" అని ఆట మొదట్లో తేల్చుకుంటే సరిపోతుంది.

#7 పదిగళ్లు

కర్రల గొప్పతనం కాదనను. కానీ ఒకటి రెండు గమనించాలి. "నలుపంటే ఏడు" అని రంగును బట్టీపట్టిన పిల్లలు రంగు లేని చోట ఏడును పోల్చుకోలేరు. రంగుల తేడా సరిగా తెలియని పిల్లలకు ఎరుపు, ఆకుపచ్చలతో ఇబ్బంది కూడా. నాలుగయిదేళ్లప్పుడు విడివిడి వస్తువులు, ఒకదానికొకటి లెక్క స్థిరపడ్డాక కర్రలు. ఈ వరుస తలకిందులైతే కర్ర "ఏడు"గా కాక "ఒక కర్ర"గానే మిగిలిపోతుంది.

#8 రంగుకర్రలు

వరుస విషయంలో మీతో ఏకీభవిస్తాను. రంగు బట్టీ పట్టకుండా ఒక ఉపాయం ఉంది. కర్రను గుడ్డసంచిలో వేసి, చూడకుండా తడిమి ఎంతో చెప్పమనండి. చేతికి పొడవే తెలుస్తుంది, రంగు తెలియదు.

క్విజనేర్ కర్రలు లేనివాళ్లకు లెగో ఇటుకలు ఉంటే అవే చాలు. 2×4 ఇటుక మీద 8 బుడిపెలు. దాన్ని ఒకటి అనుకుంటే 2×2 సగం, 1×2 పావు, 1×1 ఎనిమిదో వంతు. పెద్దదాని మీద చిన్నవి సరిగ్గా కూర్చుంటాయి కాబట్టి రెండు పావులు ఒక సగమన్నది వేలికి తగులుతుంది. ఎత్తులోనూ లెక్క ఉంది. పలక అనే పలచటి లెగో ముక్కలు మూడు పేరిస్తే ఒక ఇటుక ఎత్తు (ఇటుక 9.6 మిల్లీమీటర్లు, పలక 3.2). మూడో వంతుకు అదే చూపించొచ్చు.

#9 పాచికలదారి

బొమ్మల మాట వచ్చింది కాబట్టి పాచికల ఆట గురించి. సీగ్లర్, రమణి 2008లో ప్రచురించిన పరిశోధనలో, 1 నుంచి 10 దాకా ఒకే వరుసలో గళ్లున్న బోర్డు ఆట ఆడిన చిన్నపిల్లలకు ఏ అంకె ఎంత పెద్దదో, వరుసలో ఎక్కడ ఉండాలో బాగా మెరుగుపడింది. అంకెలకు బదులు రంగులున్న అదే బోర్డు మీద ఆడినవాళ్లకు అంత లాభం రాలేదు.

చేసుకోవడం ఇలా: 50 సెం.మీ. అట్టముక్క మీద 5 సెం.మీ. చొప్పున పది గళ్లు, ఎడమ నుంచి కుడికి. గళ్లన్నీ సమానంగా ఉండాలి, మెలికలు వద్దు. మామూలు పాచికతో పది గళ్లు రెండు మూడు ఎత్తుల్లోనే అయిపోతాయి. అందుకని పాచిక ముఖాల మీద చిన్న స్టిక్కర్లు అంటించి మూడింటిపై 1, మూడింటిపై 2 రాయండి.

ఆట ఫలితమంతా ఒక్క అలవాటులో ఉంది. బిళ్ల 5 మీద ఉండి 2 పడితే "ఒకటి, రెండు" అంటూ జరపకూడదు, "ఆరు, ఏడు" అంటూ జరపాలి. గడిలో ఉన్న అంకెను పలకాలి. "ఒకటి, రెండు" అంటే పిల్లలు గళ్లలోని అంకెలను చూడనే చూడరు, అవి ఉన్నా లేనట్టే. పక్కన కూర్చున్న పెద్దవాళ్లు ప్రతి ఎత్తుకూ తాము కూడా అలాగే పలుకుతూ ఆడాలి.

ఏడెనిమిదేళ్లకు రెండు పాచికలు ఇచ్చి ఏ మొత్తం ఎక్కువసార్లు పడుతుందో గళ్ల కాగితం మీద నింపించండి. 36 రకాలుగా పడొచ్చు, అందులో 7 ఆరు రకాలుగా వస్తుంది, 2 ఒక్క రకంగానే. ఓ యాభై ఎత్తులకు మధ్యలో గుట్టలా లేవడం మొదలవుతుంది. పదిహేను ఎత్తుల దగ్గర ఆపేస్తే ఏమీ తేలదు.

#10 పూసలపెట్టె

రెండంకెల తీసివేత గురించి ఎవరూ రాయలేదు, నోటు పుస్తకాల్లో ఎక్కువ తప్పులు అక్కడే. 43−17 ఇస్తే 34 అని రాస్తారు. మూడులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి మూడు తీసేస్తారు. తప్పు తీసివేతలో లేదు, 43 అంటే నాలుగు పదులు, మూడు విడివి అన్న ఊహ లేకపోవడంలో ఉంది.

ఐస్‌క్రీమ్ పుల్లలు 60, రబ్బరు బ్యాండ్లు 6 తీసుకోండి. పుల్లలు లెక్కపెట్టి పదేసి కట్టలు కట్టడం పిల్లలే చేయాలి. మీరు కట్టలు కట్టి చేతికిస్తే కట్టలో పది ఉన్నాయని వాళ్లు నమ్మరు. విప్పి లెక్కపెడుతూ కూర్చుంటారు. బల్ల మీద కాగితానికి రెండు నిలువు గడులు, ఎడమ పదులు, కుడి ఒకట్లు.

43 పేర్చాలి, అంటే 4 కట్టలు, 3 పుల్లలు. "ఏడు విడి పుల్లలు ఇవ్వు." మూడే ఉన్నాయి. ఇక్కడ మీరు మాట్లాడకండి. కాసేపటికి కట్ట వైపు చెయ్యి వెళ్తుంది. రబ్బరు బ్యాండు తీసి, ఆ పదింటినీ ఒకట్ల గడిలోకి మార్చాక "ఇప్పుడు మొత్తం ఎన్ని?" అని తప్పక అడగండి. 3 కట్టలు, 13 పుల్లలు, మొత్తం ఇంకా 43. చాలామంది పిల్లలు ఇక్కడ మొత్తం మారిందనుకుంటారు. ఏడు తీస్తే 6, ఒక కట్ట తీస్తే 2, జవాబు 26. అప్పు తెచ్చుకోవడం అని మనం నేర్పే గీతల వెనక జరిగేది ఈ కట్ట విప్పడమే.

గణిత విద్యావేత్త డీన్స్ పేరు మీద ప్రసిద్ధమైన పదుల బ్లాకులు (1 సెం.మీ. ఘనం, పది కడ్డీ, వంద పలక, వెయ్యి ఘనం) పుల్లల తర్వాత రావాలి. కడ్డీని విరవలేం, మార్చుకోవాలి. పదికి కడ్డీ మార్పిడి అర్థం కావాలంటే ముందు కట్ట విప్పిన అనుభవం ఉండాలి. నాణేలు ఇంకా ఆ తర్వాత. పది విలువ గల నాణెం ఒకటి విలువ గల నాణేనికి పది రెట్లు పెద్దగా ఉండదు, విలువ కంటికి కనిపించదు.

#11 మొదటిమెట్టు

భాగహారం, భిన్నాలకు తినేవాటితో పని బాగా నడుస్తుందనుకుంటాను. చిరుతిండిలెక్క గారు చెబుతారా?

#12 చిరుతిండిలెక్క

తప్పకుండా. భాగహారానికి రెండు ముఖాలు, రెండూ వేర్వేరు రోజుల్లో చూపించండి. 12 బిస్కెట్లు ముగ్గురికి పంచితే ఒక్కొక్కరికి ఎన్ని? ఒక్కొక్కటి చొప్పున మూడు పళ్లేల్లో చుట్టూ వేస్తూ పోతారు, చివరికి నాలుగేసి. రెండోది, 12 బిస్కెట్లను మూడేసి చొప్పున పొట్లాలు కడితే ఎన్ని పొట్లాలు? మూడు తీస్తారు, ఇంకో మూడు తీస్తారు, నాలుగు పొట్లాలు. రెంటికీ 12÷3=4 అనే రాస్తాం కానీ చేతులు చేసే పని వేరు. మొదటిది మాత్రమే తెలిసినవాళ్లు తర్వాత "అరలో పావులెన్ని?" అంటే తెల్లమొహం వేస్తారు, ఎందుకంటే అది రెండో రకం.

తర్వాత 13 ఇవ్వండి. ఒకటి మిగులుతుంది. శేషం అన్న మాట చెప్పాల్సింది అప్పుడే. "దీన్నేం చేద్దాం?" అని వాళ్లనే అడిగితే ముక్కలు చేద్దామంటారు, భిన్నాల్లోకి తలుపు అదే తెరుచుకుంటుంది.

భిన్నాలకు గుండ్రటి బిస్కెట్ పెట్టకండి. సగం, పావు సరే, మూడు సమాన ముక్కలు చేయడం పెద్దవాళ్లకే రాదు. ముక్కలు అసమానమైతే నేర్చుకునేది భిన్నం కాదు, తగాదా. గళ్లున్న చాక్లెట్ పలక తీసుకోండి, 3×4 అంటే 12 గళ్లున్నది శ్రేష్ఠం. అర 6 గళ్లు, మూడో వంతు 4, పావు 3, ఆరో వంతు 2. పన్నెండును ఇన్ని రకాలుగా చీల్చవచ్చు కాబట్టే అది.

చాక్లెట్ చేతి వేడికి కరుగుతుంది, ఒకసారి విరిచింది అతుక్కోదు. అందుకే అదే కొలతతో కాగితం మీద 3×4 గళ్లు గీసి నాలుగైదు ప్రతులు కత్తిరించి పెట్టుకోండి. ఆలోచన కాగితం మీద, విరవడం చివర్లో.

"1/3 పెద్దదా, 1/4 పెద్దదా?" అంటే నాలుగు పెద్దది కాబట్టి 1/4 అంటారు. కాగితం పలకను ముగ్గురికి, అలాంటిదే ఇంకోదాన్ని నలుగురికి పంచమనండి. 4 గళ్లు, 3 గళ్లు. పలకలు రెండూ ఒకే సైజువి కాకపోతే ఈ పోలిక చెల్లదు, అది కూడా ఒకసారి వేరే సైజు పలకతో కావాలనే చూపించాలి.

కాస్త పెద్దవాళ్లు 1/3+1/4=2/7 అని రాస్తారు. పలక మీద 4 గళ్లు, 3 గళ్లు, కలిపితే 12లో 7. ఇక 2/7 సంగతి అడగండి. మూడో వంతుకు ఇంకొంచెం కలిపితే వచ్చిన జవాబు మూడో వంతు కంటే తక్కువ ఎలా అయ్యింది? ఈ ప్రశ్న దగ్గర పిల్లలు సూత్రం కంటే గట్టిగా ఆలోచిస్తారు.

చదరపు బిస్కెట్లు 12 ఉంటే చుట్టుకొలత, వైశాల్యం కూడా అయిపోతాయి. 1×12గా పేరిస్తే చుట్టుకొలత 26 అంచులు, 2×6కు 16, 3×4కు 14. బిస్కెట్లు అవే పన్నెండు. ఏడు బిస్కెట్లతో దీర్ఘచతురస్రం పేర్చమంటే ఒక్క వరుస తప్ప ఇంకేదీ కుదరదు. ప్రధాన సంఖ్య అన్న పేరు చెప్పకుండానే దాన్ని పట్టుకుంటారు.

#13 కోణాలమూల

ఆకారాల గురించి చిన్నగా. టూత్‌పిక్కులు, చిన్న మార్ష్‌మాలోలు లేదా బఠాణీ అంత బంకమట్టి ఉండలు కావాలి. ఘనానికి 8 ఉండలు, 12 పుల్లలు. చదరపు పిరమిడ్‌కు 5, 8. త్రిభుజ పట్టకానికి 6, 9. నాలుగు ముఖాల పిరమిడ్‌కు 4, 6. ఎన్ని కావాలో కట్టకముందే ఊహించి, వాళ్లే లెక్కపెట్టి తెచ్చుకోవాలి. కుప్ప మధ్యలో పెడితే అది కట్టడమే అవుతుంది, లెక్క ఉండదు.

కట్టిన ఘనం ఒరిగిపోతుంది. పిల్లలు తమ తప్పనుకుని ఏడుస్తారు. తప్పు వాళ్లది కాదు, చదరానికి గట్టితనం ఉండదు, త్రిభుజానికి ఉంటుంది. ప్రతి ముఖానికీ ఒక అడ్డపుల్ల, మొత్తం ఆరు పెడితే నిలబడుతుంది. ఆ అడ్డపుల్లకు అదే టూత్‌పిక్ చాలదు, చదరం అంచుకు దాదాపు 1.41 రెట్లు కావాలి. అంచు 6.5 సెం.మీ. అయితే కర్ణం సుమారు 9.2 సెం.మీ. వెదురు పుల్లను ఆ కొలతకు విరిచి పెట్టుకోండి. మార్ష్‌మాలో తాజాగా ఉంటే జారుతుంది, ఒక రాత్రి మూత లేకుండా ఉంచితే కీలు బిగుస్తుంది. పుల్లల మొనలు తుంచి ఇవ్వండి, వాడిన మార్ష్‌మాలోలు తిననివ్వకండి, విరిగిన మొన లోపల ఉండిపోవచ్చు.

#14 పూసలపెట్టె

మూడో ప్రశ్న మిగిలిపోయింది, వస్తువులతో వచ్చింది కాగితం మీద ఎందుకు రాదని. నిజానికి ఈ చర్చలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే.

వస్తువులో లెక్క ఉండదు. లెక్క మనకు తెలుసు కాబట్టి బ్లాకుల్లో మనకు కనిపిస్తుంది, పిల్లలకు బ్లాకులే కనిపిస్తాయి. బొమ్మ ఎంత అందంగా ఉంటే లెక్క అంత వెనక్కి పోతుంది. ఏనుగులు, కార్లు ఇస్తే ఏనుగు కారెక్కుతుంది. కూడికకు సాదా బిళ్లలే మేలు. అందమైన బొమ్మలను రంగు వారీగా, కాళ్ల వారీగా వేరుచేసే ఆటలకు వాడుకోండి.

మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ 1960లలో చెప్పిన మూడు దశలు ఇప్పటికీ పనికొస్తాయి: చేతితో చేయడం, బొమ్మగా చూడటం, గుర్తులతో రాయడం. ఎక్కువమంది మొదటి దాని నుంచి మూడో దానికి దూకేస్తారు. 7+5ను ఇలా నడిపించండి. పది గళ్ల అట్ట మీద బిళ్లలతో చేస్తారు. ప్రతి కదలికకూ పక్కన కాగితం మీద ఒక గీత పడాలి. ఏడు పెట్టగానే 7, అయిదు తేగానే +5, మూడు జరపగానే అయిదు కింద 3, 2 అని చీలిక. లెక్కంతా అయ్యాక చివర్లో రాయిస్తే రెండింటికీ సంబంధం తెగిపోతుంది. కొన్నాళ్లకు బిళ్లలు తీసేసి అట్ట బొమ్మ గీసి చుక్కలు పెట్టించండి. ఆ తర్వాత అట్ట మూసిపెట్టి "ఇప్పుడు మొదటి అట్టలో ఖాళీ ఎన్ని?" అని ఊహలో అడగండి. కళ్లు పైకి తిప్పి చెప్పగలిగిన రోజున నోటు పుస్తకం తెరవండి. అక్కడ ఆగిపోతే ఒక్క దశ వెనక్కి, బొమ్మ దగ్గరికి వెళ్లండి. నేరుగా బిళ్లల దాకా పోనక్కరలేదు.

#15 సమానపుత్రాసు

పూసలపెట్టె గారి మాటకు ఒకటి చేర్చాలి. రాత దగ్గర = గుర్తును పిల్లలు "జవాబు ఇక్కడ రాయి" అని చదువుతారు. 8+4=□+5 ఇస్తే గడిలో 12 రాసేస్తారు, రావాల్సింది 7.

30 సెం.మీ. స్కేలు, దాని కింద మధ్యలో ఒక లావు పెన్సిల్, రెండు తేలికైన కాగితపు కప్పులు, ఒకే రకం బ్లాకులు 25. కప్పులు మధ్య నుంచి సమాన దూరంలో అంటించాలి, ఒకటి అర సెంటీమీటరు జరిగినా 12, 12 ఉన్నా ఒరుగుతుంది, పిల్లలు తప్పు నేర్చుకుంటారు. పెన్సిల్ దొర్లకుండా రెండు వైపులా బంకమట్టి పెట్టండి. ఖాళీ కప్పులతో స్కేలు నిలుస్తుందో లేదో చూసుకున్నాకే మొదలుపెట్టాలి.

ఎడమ కప్పులో 8, ఇంకో 4 వేయండి. కుడి కప్పులో 5. "ఇంకెన్ని వేస్తే నిలుస్తుంది?" ఏడో బ్లాకు పడగానే స్కేలు లేస్తుంది. అప్పుడు 8+4=7+5 అని రాయించండి. 12=8+4 అని తిప్పి కూడా రాయించండి. జవాబు ఎప్పుడూ కుడివైపే ఉండదని తెలియాలి.

#16 మొదటిమెట్టు

ఎంతో వివరంగా రాశారు, అందరికీ ధన్యవాదాలు. చివరగా, ఒక్కో ఆట ఎంతసేపు? ఎప్పుడు ఆపాలి?

#17 పదిగళ్లు

నాలుగయిదేళ్లకు పది నిమిషాలు, ఏడెనిమిదేళ్లకు ఇరవై. రోజుకు ఒక్క వస్తువు, ఒక్క ప్రశ్న. గడియారం కంటే పిల్లల చేతులు చూడండి. బిళ్లలు గోపురంలా పేర్చడం మొదలైతే లెక్క అయిపోయినట్టే. పేర్చనివ్వండి, ఆపి మళ్లీ కూర్చోబెట్టకండి. ఆఖర్న బిళ్లలను డబ్బాలో పదేసి చొప్పున వాళ్లచేతే వేయించండి. ఇరవై ఉండాల్సినవి పంతొమ్మిదే వస్తే బల్ల కింద ఒకటి ఉంటుంది, వెతకడం కూడా వాళ్ల పనే.

#18 చిరుతిండిలెక్క

తినేవాటితో ఆడితే భోజనానికి ముందు వద్దు, ఆకలి మీద పది కిస్‌మిస్‌లు పది సెకన్లు కూడా పళ్లెంలో ఉండవు. కడుపు నిండాక అరగంట ఆగి, చేతులు కడిగించి మొదలుపెట్టండి. నేల మీద పడ్డదాన్ని తినే పళ్లెంలో వేయకుండా పక్కన మూడో గిన్నె పెట్టండి, లెక్కలో మాత్రం దాన్ని కలపాలి.